ఈతకల్లు, తాటికల్లు

అనంతపురం పీఠభూమిలో ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. అయినను చిత్రావతి ఒడ్డునను, వంకలలోను, చెరువుకట్టల క్రిందను ఈతచెట్లు పచ్చగా నిలిచియుండును. అక్కడక్కడ తాడిచెట్లును కలవు. రెండింటి కల్లును తెల్లగా, నురుగుతో, పులుపు తగులుచు ఉండును. ఏది ఎక్కువ మత్తైనది అను వాదము ఊళ్ళలో తరచు వినబడును. దీనికి సమాధానము చెట్టులోకంటె కుండలోనే ఎక్కువగా కలదు.

నిజమైన భేదము గీతలో నున్నది. తాడిచెట్టున కత్తి తగులునది పూగెలకే. దాని కొనను దినదినము పలుచగా చెక్కి కుండ కట్టుదురు. మానునకు హాని లేదు. ఈతచెట్టునకైతే మొవ్వు క్రింది మట్టలను తొలగించి, మానునే చెక్కుదురు. ఒక ఏడు ఒక ప్రక్క, మరుసటి ఏడు ఎదుటి ప్రక్క. వేప, మామిడి చెట్లలో మానును లావుచేయు కేంబియమను కణపొర కలదు. ఈత, తాడి జాతులలో అది లేదు. కావున గాయము పూడదు, గంటు చెట్టున్నంతకాలము నిలుచును. విద్యార్థులు ఆ గంట్లను లెక్కించి, చెట్టును ఎన్ని ఏండ్లు గీసిరో చెప్పవచ్చును. మరియు చెట్టంతటికి పెరుగు మొగ్గ ఒక్కటే. కత్తి దానిని తాకెనా, చెట్టు చచ్చినట్లే. ఈడిగల చేతి నేర్పు ఇక్కడనే తెలియును.

తాజారసము తేటగా, తియ్యగా నుండును. రెండింటను నూటికి సుమారు 10 మొదలు 12 పాళ్ళు చక్కెర. కుండలోని ఈస్టు, బాక్టీరియాలు కొద్ది గంటలలోనే దానిని ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. నురుగు ఈ వాయువువలననే. పాలవంటి తెలుపు ఆ సూక్ష్మజీవుల గుంపే! కుండలోపల సున్నము పూసినచో క్షారగుణమువలన ఈస్టు పని మందగించి, నీరా లభించును.

100 గ్రాముల చక్కెరనుండి సిద్ధాంతరీత్యా 54 గ్రాములకు మించి ఆల్కహాలు పుట్టదు. కనుక 12 పాళ్ళ చక్కెరగల రసము, ఏ చెట్టుదైనను, 100 గ్రాములకు ఆరున్నర గ్రాములు దాటదు. ఆచరణలో ఇంకను తక్కువ. అంతకు మించిన మత్తు చెట్టునుండి వచ్చినది కాదు. చెట్లు చాలని చోట్ల నీళ్ళు కలిపి, ఆ లోటు తెలియకుండ క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రజోలాము వంటి నిద్రమందులు కలుపుచున్నారు. 2025 జులైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి కొందరు మరణించిరి. ఈ మందులను రంగు, నురుగులనుబట్టి గుర్తింపజాలము. ప్రయోగశాల పరీక్ష ఒక్కటే మార్గము.