గొంతు దగ్గర సీతాకోకచిలుక

క్లాసులో ఎప్పుడూ మగతగా కూర్చునే పిల్లవాణ్ణి "బద్ధకస్తుడు" అని తిట్టేముందు ఒక్కసారి ఆగండి. లోపం వాడి గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథిది కావచ్చు.

ఈ గ్రంథికి నాళం ఉండదు. తను తయారుచేసిన థైరాక్సిన్ హార్మోన్‌ను నేరుగా రక్తంలోకి వదులుతుంది. తిన్న తిండి ఎంత వేగంగా శక్తిగా మారాలో, ఒళ్లు ఎంత వెచ్చగా ఉండాలో, పిల్లలు ఎలా ఎదగాలో చూసేది అదే. రక్తంలో అది తగ్గితే, మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా పంపి "ఇంకా చెయ్యి" అని పురమాయిస్తుంది. సరిపడా తయారైతే తగ్గించేస్తుంది.

థైరాక్సిన్ తయారీకి అయోడిన్ కావాలి. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. అదీ అందకపోతే, ఎంత పురమాయించినా పని జరగదు, గ్రంథి మాత్రం ఉబ్బిపోతుంది. అదే గాయిటర్.

అందుకే అయోడిన్ ఉప్పే కొనండి, డబ్బా మూత గట్టిగా పెట్టండి. మగత, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, ఎత్తు పెరగకపోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ లోపమా కాదా అన్నది రక్తపరీక్షలో తెలుస్తుంది. లోపమే అయితే దానికి మాత్ర ఉంది, తిట్లు అక్కర్లేదు.