యేసు నామమున వేడుట

వెల్దుర్తిలో ఒక వృద్ధుడు నాతో నొకప్పుడిట్లనెను: "అయ్యా, కోపమున కుమారుని కొట్టితిని. ఈ చేతులు జోడించి దేవుని నెట్లు వేడుదును? వారము దినములనుండి ప్రార్థన మానితిని."

1849లో గురజాలకు వచ్చి ఫాదర్ హయ్యరుగారు పలనాట బోధించినది లూథరు మతము. ఆ లూథరును బాధించిన ప్రశ్నయు నిదియే. మనుష్యుడు దేవునియెదుట నీతిమంతుడగుట తన క్రియలవలన గాదు. క్రీస్తునీతి విశ్వాసమూలముగా వానికి ఎంచబడుటవలననే. ప్రార్థనాంతమున "యేసు నామమున" అనుట వట్టి వాడుక గాదు. నా యోగ్యతనుబట్టి రాలేదు, ఆయన యోగ్యతనుబట్టి వచ్చితినని చెప్పుటయే.

పేదరైతుకు షావుకారు గింజలియ్యడు. ఊరిపెద్ద పూచీపడిన నిచ్చును. ఈ పోలిక చాలదు సుమండీ! పూచీదారుడు బాకీ తీర్చవలసివచ్చినప్పుడు విసుగుకొనును. క్రీస్తో మన ఋణమును ముందే తీర్చియున్నాడు. లూకా 18వ అధ్యాయములోని సుంకరి చూపుటకు ఒక్క సత్క్రియయైన లేక, కనికరము మాత్రమే వేడి, నీతిమంతుడుగా ఇంటికి మరలెను.

వృద్ధుడు ఊరకుండలేదు. "ముందు సహోదరునితో సమాధానపడవలెనని మత్తయి 5వ అధ్యాయమున నున్నదే?" యనెను. ఉన్నది, తప్పక పడవలెను. అయితే అది దేవుని సన్నిధికి చెల్లించు వెల గాదంటిని. ఆయన కొంతసేపు తలవంచుకొని, మోకరించెను. పిమ్మట కుమారుని పిలిపించెను.