అమెరికాదేశమునందలి ఎత్తుపల్లములు

"ఫలానా పట్టణము ఇన్ని అడుగుల యెత్తున నున్నదని వల్లించుటవలన నేమి ప్రయోజనము?" అని భూగోళపాఠమునందు విద్యార్థులు మమ్ము నడుగుచుందురు. ప్రశ్న సమంజసమైనదే. అంకెను మాత్రము కంఠస్థము చేసినచో ఫలము స్వల్పము. ఆ యంకెవలన జనుల జీవనమున గలుగు మార్పును గ్రహించినచో ఫలము విశేషము. ఇందుకు అమెరికా సంయుక్తరాష్ట్రములనుండి మూడు తావులను నిదర్శనముగా జూపెదము. స్థలముల యెత్తును సముద్రమట్టమునుండి లెక్కింతురని పాఠకులెరుగుదురు.

మొదటిది కొలరాడో రాష్ట్రమునకు రాజధానియైన డెన్వరు. ఇది 5,280 అడుగుల యెత్తున, అనగా ఒక మైలు ఎత్తున నున్నది. అచ్చటి శాసనసభాభవనపు మెట్లలో 15వ మెట్టు సరిగా మైలెత్తున నున్నదని 1909లో గురుతు పెట్టిరి. 1969లో మరల కొలువగా అది 18వ మెట్టనియు, 2003లో కొలువగా 13వ మెట్టనియు తేలినది. భవనము కదలలేదు; కొలత మాత్రమే సవరింపబడినది. ఎత్తు హెచ్చినకొలది గాలియొత్తిడి తగ్గును. కావున నచ్చట నీరు 100 డిగ్రీలకు గాక, సుమారు 95 డిగ్రీలకే మరుగును. అందుచే పప్పుధాన్యము లుడుకుటకు ఎక్కువకాలము పట్టును.

రెండవది కాలిఫోర్నియా. ఇచ్చటి విట్నీ శిఖరము 14,505 అడుగుల యెత్తు గలది. అలాస్కాను విడిచినచో సంయుక్తరాష్ట్రములలో నింతకన్న నున్నతమైన శిఖరము లేదు. దానికి నూరుమైళ్ల లోపుననే మృత్యులోయ యను పల్లము కలదు. దాని యడుగుభాగము సముద్రమట్టమునకు 282 అడుగులు దిగువ. పసిఫిక్ సముద్రమునుండి వచ్చు తేమగాలులు పర్వతముల పడమటి వాలుపై నెగబ్రాకి, చల్లబడి, అచ్చటనే వర్షించును. తూర్పునకు దిగుసరికి వానియందు తేమ మిగులదు. కావున లోయలో ఏటికి సుమారు రెండంగుళముల వానయే కురియును.

మూడవది మిసిసిపీ నదీతీరమందలి న్యూ ఆర్లియన్సు. 1718లో స్థాపింపబడిన పాతపేట, నది తెచ్చిన యొండ్రుమట్టితో నేర్పడిన మెరకపై నున్నది. తరువాతివారు చుట్టునున్న చిత్తడినేలల నీటిని తోడివేసి యిండ్లు కట్టిరి. నీరు పోయిన నేల క్రమముగా క్రుంగెను. నగరమున సుమారు సగము సముద్రమట్టమునకు దిగువయయ్యెను. 2005 ఆగష్టు 29న కత్రినా యను తుపాను రాగా రక్షణగట్లు తెగి, నగరమున నూటికి ఎనుబది పాళ్లు మునిగెను. ఆ తుపానువలన వేయిమందికి పైగా మరణించిరి. మెరకనున్న పాతపేట చాలవరకు మునుగక నిలిచెను. అచ్చటి యెత్తు కొలది అడుగులే. కాని యా కొలది అడుగులే యిండ్లను కాపాడినవి.

విద్యార్థులారా! ఇకమీదట పటమునం దొక యెత్తును చూచినప్పుడు, అచ్చట నీరెట్లు మరుగును, వాన యెట్లు కురియును, వరద యెచ్చటికి పారును అని ప్రశ్నించుడు. అప్పుడు మీ భూగోళపాఠము కంఠమునందే గాక బుద్ధియందును నిలుచును.