మెడ వంచితే కనబడిన జబ్బు

2018 భోగినాడు తెల్లవారుజామున మా అక్కయ్య కొడుకు తలంటుకుని వచ్చి, కొత్త చొక్కా తొడుక్కుని నా ముందు నిలబడి, "మామయ్యా, ఈ బొత్తాలు కాస్త పెట్టు" అన్నాడు. పద్ధెనిమిదేళ్లవాడు, ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతున్నవాడు, బొత్తాలు పెట్టమనడమేమిటని నేను నవ్వాను. వాడు నవ్వలేదు. "చలికి వేళ్లు పనిచెయ్యడం లేదు మామయ్యా" అన్నాడు. కుడిచెయ్యి పట్టుకుని చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ వుండవలసిన కండ లేదు. అక్కడ చిన్న గుంట పడివుంది.

అప్పుడు మా అక్కయ్యకు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. ఆరు నెలలుగా వాడు అన్నం చెంచాతో తింటున్నాడట. హాస్టలు నాగరికత కాబోలు అనుకున్నదట! కుడిచేత్తో అన్నం కలుపుకోలేక అలా తింటున్నాడని ఎవరికి తడుతుంది? నొప్పి లేదు, తిమ్మిరి లేదు. అంచేత వాడూ చెప్పలేదు.

పండుగ వెళ్లగానే డాక్టర్ల చుట్టూ ప్రదక్షిణం మొదలయింది. మొదటాయన మెడలో నరం నొక్కుకుపోయిందని విటమిన్ మాత్రలు రాశాడు. రెండో ఆయన మెడకు ఎమ్మారై తీయించమన్నాడు. తీయించాం. చెప్పుకోదగ్గ దోషమేమీ లేదని రిపోర్టు వచ్చింది. మా అక్కయ్య ఆ రోజే వెంకటేశ్వరస్వామికి ముడుపు కట్టింది. కాని చెయ్యి మాత్రం నానాటికీ సన్నబడుతూనే వుంది.

తర్వాత కండల్లో సన్నని సూది గుచ్చి, నరాలకు చిన్న చిన్న విద్యుత్తు తాకిళ్లు ఇచ్చి పరీక్ష చేశారు. దోషం చేతిలో లేదనీ, ఆ కండలను ఆడించే వెన్నుపాములోని కణాలు చచ్చిపోతున్నాయనీ తేలింది. ఆ డాక్టరుగారు గొంతు తగ్గించి, "మోటార్ న్యూరాన్ జబ్బు కావచ్చు. కొన్నాళ్లు ఆగి చూద్దాం" అన్నారు. అంటే స్టీఫెన్ హాకింగును ఏళ్ల తరబడి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టిన జబ్బు! ఇంటికి వచ్చేలోపలే పిల్లలు ఫోన్లలో అంతా చదివేశారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. కుర్రవాడొక్కడే పడుకున్నాడనుకున్నాం. వాడూ మేలుకునే వున్నాడని తర్వాత తెలిసింది.

చివరకు హైదరాబాదులో ఒక పెద్దావిడ, నరాల వైద్యురాలు, వాణ్ణి చూశారు. కాగితాలు ముట్టుకోకుండా ముందు చెయ్యి పట్టుకున్నారు. వేళ్లు చాచమన్నారు. అవి సన్నగా వణికాయి. గుండుసూదితో పొడిస్తే స్పర్శ బాగానే వుంది. ముంజేతిలో బొటనవేలి వైపు కండ నిండుగా వుంది. చిటికెనవేలి వైపు మాత్రం ఏటవాలుగా చెక్కేసినట్టు తరిగిపోయింది. ఇన్నాళ్లూ మేమెవరమూ ఆ తేడా కనిపెట్టలేదు.

పాత ఫిల్ములు వెలుతురుకు ఎత్తి చూసి, "మెడ కింది భాగంలో వెన్నుపాము కొంచెం పలచబడింది, చూడండి" అన్నారు. నాకేమీ కనబడలేదు. "ఇది మెడ సమంగా పెట్టి తీసిన ఫోటో. మెడ వంచి మళ్లీ తీయించండి."

ఒక మెడకు రెండు ఫోటోలా అని నాకు ఒళ్లు మండింది. డబ్బు చెట్లకు కాస్తున్నదా? నేను ముప్ఫై ఏళ్లు బడిలో సామాన్యశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక కొంచెం గట్టిగానే అడిగాను. ఆవిడ కోప్పడలేదు.

"మేష్టారూ, వెన్నుపాము చుట్టూ సంచిలాంటి పొర వుంటుంది. మెడ వంచినప్పుడు ఎముకల వరస సాగుతుంది. దానితోపాటు సాగడానికి ఆ సంచిలో కొంత వదులు వుండాలి. మీసాలు వచ్చే వయసులో కొందరు పిల్లలకు ఎముకలు జోరుగా పెరిగి, సంచి వెనకబడుతుంది. నిరుడు కుట్టించిన చొక్కా వేసుకుని వంగితే ఏమవుతుంది? వీపు మీద బిగుస్తుంది కదా! అలాగే ఆ పొర వెనకనుంచి ముందుకు జరిగి, వెన్నుపామును ఎముకకేసి అదుముతుంది. రోజుకు ఎన్నోసార్లు, ఏళ్ల తరబడి. రక్తం సరిగా అందక లోపలి కణాలు పోతాయి. తల ఎత్తితే అంతా యథాస్థానానికి వచ్చేస్తుంది. మరి తల ఎత్తి తీసిన ఫోటోలో దొంగ ఎలా దొరుకుతాడు?"

జపానులో కైజో హిరయామా అనే ఆయన, ఆయన సహచరులు 1959లో మొదటిసారి ఈ జబ్బును వర్ణించారు. అందుకే దీన్ని హిరయామా జబ్బు అంటారు. అరుదైనదే గాని మన దేశానికి కొత్త కాదు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో గౌరీదేవిగారు, ఆమె సహచరులు ఒక చెయ్యో ఒక కాలో ఇలా సన్నబడిపోయే రోగులను పరిశీలించి 1984లో ప్రకటించారు. ఎక్కువగా మగపిల్లలకే, పదిహేను మొదలు పాతికేళ్ల లోపల వస్తుంది. కొన్నేళ్లు ముదిరి, తనంతట తనే ఆగిపోతుంది. ప్రాణం తీయదు. ఈ ఆఖరి మాట విని మా అక్కయ్య అక్కడే కూలబడి ఏడ్చేసింది.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని వెన్నుపాము కనబడదు. ఎమ్మారై తీరు వేరు. అందులో ఎక్స్‌రే కిరణాలే లేవు. మన ఒంట్లోని నీటిలో వున్న హైడ్రోజన్ కేంద్రకాలను పెద్ద అయస్కాంతంతో వరసలో నిలబెట్టి, రేడియో తరంగాలతో కదిపి, అవి తిరిగి పంపే సంకేతాలతో బొమ్మ కడతారు. 1.5 టెస్లా యంత్రమంటే భూమి అయస్కాంతశక్తికి ఇంచుమించు 30,000 రెట్లు! ఈ విద్యకు బాట వేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డు గార్లకు 2003లో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఇంత శక్తి వున్న యంత్రమూ మనం పడుకోబెట్టిన భంగిమలో వున్నదే చూపించగలదు.

మావాడి తల కింద దిండ్లు ఎత్తుగా పెట్టి, గడ్డం రొమ్ము వైపు వంచి, గడోలినియంతో చేసిన మందు రక్తంలోకి ఎక్కించి మళ్లీ తీశారు. ఈసారి ఫోటో నాకే అర్థమయింది. చిటికెనవేలంత లావుండే వెన్నుపాము ముందుకు నొక్కుకుపోయి బల్లపరుపుగా వుంది. దాని వెనక ఖాళీ పడిన చోట సిరలు రక్తంతో ఉబ్బి, నెలవంకలా తెల్లగా మెరుస్తున్నాయి. అదే మెడ, అదే యంత్రం!

"అంతా ఆ సెల్‌ఫోను మహిమే" అన్నాను.

"1959లో జపాను కుర్రాళ్ల చేతుల్లో సెల్‌ఫోన్లు ఎక్కడివండీ?" అని ఆవిడ నవ్వారు. "దానివల్ల వచ్చింది కాదు. అయినా మెడ వంచడం తగ్గించాలి కనుక ఫోను కంటికెదురుగా పట్టుకోమనండి."

వైద్యమంటారా, మెడ వంగకుండా మెత్తని కాలరు. ముదరడం ఆగకపోతే ఆపరేషను వుందన్నారు. మావాడికి ఆ అవసరం రాలేదు. మూడేళ్లు కాలరు పెట్టుకునే కాలేజీకి వెళ్లాడు. తోటివాళ్లు "జిరాఫీ" అని పేరు పెట్టారట. పుస్తకం ఎత్తుగా పెట్టుకోవడానికి నేనొక చెక్కబల్ల చేయించి ఇచ్చాను. రెండో ఏడు దాటాక చెయ్యి సన్నబడడం ఆగింది. పోయిన కండ మాత్రం తిరిగి రాలేదు. మొదటి ఫోటోనాడే మెడ వంచి వుంటే ఇంకాస్త మిగిలేదేమోనని మా అక్కయ్య ఇప్పటికీ అంటుంది. నా దగ్గర దానికి జవాబు లేదు.

ఇప్పుడు వాడు ఉద్యోగం చేస్తున్నాడు. అన్నం ఎడమచేత్తో కలుపుకుంటాడు. వాళ్ల నాయనమ్మ మొదట్లో గొణిగింది గాని, ఇప్పుడు తనే పప్పూ నెయ్యీ వేసి ముద్దలు చేసి పెడుతోంది. చలికాలం పొద్దుట వేళ్లు ఇంకా మొరాయిస్తాయి. కిందటి భోగినాడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని, పావుగంట తర్వాత బయటికి వచ్చాడు. బొత్తాలన్నీ పెట్టుకునే వున్నాయి. ఒకటి మాత్రం తప్పు కాజాలో వుంది. చూసి కూడా ఎవరం మాట్లాడలేదు.