కారు రేకుకు చిల్లు: రంగునకు ముందు చేయవలసిన పని

2021వ సంవత్సరపు వేసవిలో నేనొక పాత కారు కొంటిని. క్రొత్తగా రంగు వేసి అమ్మకమునకు పెట్టిన బండి అది. తలుపు రేకులో ముఖము చూచుకొనవచ్చును, అంత నునుపు. నేను రసాయనశాస్త్రము బోధించువాడనే అయినను ఆ మెరుపునకు లోబడితిని. మాది విశాఖపట్టణము, సముద్రపు గాలి తగులు ఇల్లు. వానకాలము వెళ్లునప్పటికి తలుపు అడుగు అంచున రంగు సెనగగింజలంత బొబ్బలుగా లేచినది. గోటితో గీరి చూచితిని. రంగు, దాని వెనుకనున్న లప్పము పెళ్లగా ఊడివచ్చి, వేలు దూరునంత కంత బయటపడెను. కంతలో కాగితపు ఉండ కూరి, పైన లప్పము మెత్తి, రంగు కొట్టి యుండిరి.

బయటికి వేలెడంత కనబడిన ఆ కంత లోపలివైపు అరచేయి వెడల్పున తిన్న తుప్పుకు చివరి గుర్తు మాత్రమే. ఇది నా కారుకే ప్రత్యేకము కాదు. కారు రేకులలో పడు చిల్లులలో అనేకము లోపలి నుండి బయటికి పడునవే. ఎందుచేత?

ఇనుము తుప్పుపట్టుటకు నీరు, గాలిలోని ప్రాణవాయువు రెండును కావలెనని పాఠశాలలోనే చదివితిమి. అయితే ఈ రెండును ఒకే చోట పనిచేయవు. తడిసిన రేకుపై ఒక చోట ఇనుప పరమాణువులు తమ ఎలక్ట్రానులను విడిచి, అయానులై నీటిలో కరగిపోవును. ఆ ఎలక్ట్రానులు రేకు గుండనే ప్రవహించి మరియొక చోటికి చేరును. అచ్చట ప్రాణవాయువు వానిని గ్రహించి, నీటితో కలిసి హైడ్రాక్సిల్ అయానులుగా మారును. రెండు రకముల అయానులు నీటిలో ఎదురై, మరికొంత ప్రాణవాయువును కలుపుకొని ఎఱ్ఱని తుప్పుగా దిగును. అనగా తడిసిన రేకు ఒక చిన్న విద్యుత్ ఘటము. టార్చిలైటులోని బ్యాటరీ వంటిదే. నీటిలో ఉప్పు ఉన్నచో విద్యుత్తు సులభముగా సాగును. సముద్రతీరమున కార్లు త్వరగా పాడగుటకు ఇదియే ముఖ్యకారణము. వానలో తడియనక్కరలేదు కూడ. గాలిలో తేమ సుమారు 60 శాతము దాటినచో ఇనుముపై కంటికి కనబడని నీటిపొర ఏర్పడును. పని మొదలగుటకు అది చాలును.

ఇప్పుడొక వింత. రేకు తరిగిపోవుచోటు ప్రాణవాయువు బాగుగా అందుచోటు కాదు, అందని చోటు. దీనిని కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అను శాస్త్రజ్ఞుడు 1920వ దశాబ్దములో ఒక ఉప్పునీటి చుక్కతో చూపెను. మా ప్రయోగశాలలో ఏటేట విద్యార్థులచేత దీనిని చేయింతుము. గరుకు కాగితముతో తోమిన ఇనుప పలకపై ఉప్పునీటి చుక్క నుంచి, అందులో పొటాసియం ఫెర్రిసయనైడు, ఫినాప్తలీను కొద్దిగా కలుపవలెను. కొంతసేపటికి చుక్క నడిమి భాగము నీలముగాను, అంచు గులాబిరంగుగాను మారును. నీలము ఇనుము కరగుచోటు. గులాబి ప్రాణవాయువు ఎలక్ట్రానులను గ్రహించుచోటు. చుక్క అంచున నీరు పలుచన కనుక గాలి సులభముగా చొచ్చును. నడుమ లోతెక్కువ కనుక గాలి అందదు. గాలి తగులు అంచు క్షేమముగా ఉండి, గాలి తగలని నడిమి భాగము నష్టపోవును. ఈ రంగులు చూచునంతవరకు నా మాట నమ్మిన విద్యార్థి అరుదు.

ఈ చుక్కను కారులో వెదకుడు. చక్రము పైకమ్మి లోపలి అంచున అంటుకొని యెండని బురద ఒకటి. ముందు అద్దము చుట్టునున్న రబ్బరు క్రింది తడి మరియొకటి. అన్నిటికంటె చెడ్డది తలుపు అడుగు. కిటికీ అద్దమును ఆనుకొని జారిన వాననీరు తలుపు లోపలికే దిగును. అది పోవుటకు అడుగున చిన్న నీటికంతలు ఉండును. దుమ్ము, ఎండుటాకులు వానిని పూడ్చినచో తలుపు తొట్టియగును. పైగా బయటి రేకు అంచును లోపలి రేకుపైకి మడిచి నొక్కియుందురు; ఆ మడతలో నీరు చేరును కాని గాలి ఆడదు. ఈనాటి కారు రేకు దళసరి ముప్పాతిక మిల్లీమీటరునకు ఇటునటుగా ఉండును. తుప్పు తాను తిన్న ఇనుముకంటె కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును గనుక మడత ఉబ్బి, చివరకు రంగు బొబ్బలెత్తును. మనము చూచునది ఆ చివరి ఘట్టమును.

కావున మరమ్మతు చూచుటతో మొదలు కావలెను. తలుపు లోపలి అట్ట విప్పి, స్క్రూడ్రైవరు మొనతో కంత చుట్టును గట్టిగా పొడిచి చూడవలెను. మొన దిగినంతమేర రేకు లేనట్లే. ఇచ్చటనే ఒక ముఖ్యమైన సంగతి తేల్చుకొనవలెను. జీపునకు, లారీకి అడుగున వేరే ఇనుప చట్రము ఉండును. చాలమట్టుకు మన కార్లకు అది లేదు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరుకు సైతము లేదు. రేకు డొల్లయే బరువు మోయును. తలుపుల క్రింది దూలము, నేల, సీటుబెల్టు బిగించు చోటు, స్ప్రింగులు ఆనుకొను చోటు, వీనిలో చిల్లు పడినచో లప్పము కాని గాజునార కాని పనికిరాదు. చెడినది కోసివేసి, అదే దళసరి ఉక్కురేకును నేర్పరిచేత వెల్డింగు చేయింపవలెను. అచ్చట పైపూతతో కప్పుట ప్రాణాపాయము. ఈ క్రింద చెప్పునది తలుపు, చక్రపు కమ్మి, డిక్కీ మూత వంటి పైరేకుల సంగతి.

కంత చుట్టు రెండు మూడు అంగుళముల మేర రంగు తొలగించి, లోహము తెల్లగా మెరయువరకు రుద్దవలెను. అప్పటికిని చిన్న గుంటలలో నల్లని తుప్పు మిగులును. దానికి ఫాస్ఫారికామ్లము కాని టానిను కలిసిన ద్రవము కాని పూయుదురు. మొదటిది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగాను, రెండవది నీలినల్లని ఇనుప టానేటుగాను మార్చును. ఈ రెండవ పని మన పెద్దలకు క్రొత్త కాదు. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి వ్రాతసిరా చేసిరి గదా. కరక్కాయలోని టానిను, అన్నభేదిలోని ఇనుము కలిసినందుననే ఆ నలుపు. అయితే ఈ ద్రవములు గుంటలలోని శేషమునకే. పెళ్లలుగా ఉన్న తుప్పుపై పూసినచో పైపొర మారును, అడుగు మారదు.

తరువాత కంతను మూయుట. పైరేకులకు సైతము మేలైనది ఉక్కురేకు అతుకే. వెల్డింగు ఒక్క పెట్టున సాగించినచో పలుచని రేకు వేడికి అలలు దేరును. ఒక్కొక్క చుక్కగా, ఆరనిచ్చి, దూరదూరముగా పెట్టుకొని రావలెను. బ్యాటరీ తీగ ఊడదీయుట, పెట్రోలు ట్యాంకు సమీపమున నిప్పు తేకుండుట మరువరాదు. యశదపు పూతగల రేకును కాల్చునపుడు వచ్చు తెల్లని పొగ పీల్చినచో ఆ రాత్రి జ్వరము వచ్చును. వెల్డింగు వీలులేని చిన్న కంతకు లోపలివైపు నుండి గాజునార గుడ్డను ఎపాక్సీ జిగురుతో అంటింపవచ్చును. నీరు వచ్చునది లోపలి నుండియే కనుక ఈ అతుకు లోపలనే యుండవలెను.

చేతికందిన ఇత్తడి ముక్కయో రాగిరేకో అతుకవచ్చునా? కూడదు. రెండు లోహములు తడిలో తాకినచో, ఎలక్ట్రానులను సులభముగా విడుచునది కరగి రెండవదానిని కాపాడును. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున తొడిగిన రాగిరేకులను కాపాడుటకు ఇనుము, యశదము ముక్కలను తగిలించెను. రాగి నిలిచెను, ఆ ముక్కలు తరిగెను. రాగి అతుకు వేసిన కారులో ఆ తరిగెడు ముక్క మన తలుపే. యశదము కలిసిన ప్రైమరు ఇనుమును కాపాడుటయు ఈ న్యాయముననే.

లప్పము సంగతి. దీనిని మెకానిక్కులు మెటల్ పేస్టు అందురు కాని అందులో ముఖ్యముగా ఉండునవి పాలియెస్టరు జిగురు, బలపపు రాతిపొడి. పూర్వము సీసము, తగరము కలిసిన టంకముతో గుంటలు నింపెడివారు. సీసపు విషమునకు జడిసియు, పని సులువగుటచేతను ఇది వచ్చినది. వెంట వచ్చు గట్టిపరచు ముద్దలో బెంజాయిల్ పెరాక్సైడు ఉండును. నూటికి రెండు పాళ్లు సాధారణముగా చాలును. త్వరగా బిగియవలెనని ఎక్కువ కలిపినచో మిగిలిన పెరాక్సైడు పైకి ఎక్కి క్రొత్త రంగుపై మచ్చలు తేల్చును. ఎండిన లప్పము రాతివలె కనబడినను నీటిని పీల్చును. అందుచే దీనిని తడిపి అరగదీయరాదు. పొడిగానే గరుకు కాగితముతో రుద్దవలెను. పీల్చిన నీరు రంగుక్రింద చిక్కి, మొదట చెప్పిన చుక్కయే మరల తయారగును. దళసరి మూడు మిల్లీమీటర్లు మించరాదు. వెనుక రేకు లేని కంతలో నింపిన లప్పమునకు ఇరువైపుల తేమ తగులును. బండి కుదుపులకు అంచున పగులును. నా తలుపులో జరిగినది అదే.

పైన ఎపాక్సీ ప్రైమరు, అటుపై రంగు. వానపట్టిన దినమున ఈ పని పెట్టుకొనరాదు. రంగులోని ద్రావణి ఆవిరియగునప్పుడు రేకు చల్లబడును; తేమగాలి దానిపై మంచువలె దిగును. కొన్ని రంగులు పాలిపోవుట అందుచేతనే. రెండు డబ్బాలు కలిపి చిమ్ము రంగులలో ఐసోసయనేటులుండును. అవి ఉబ్బసము తెచ్చును. ముక్కుకు కట్టిన రుమాలు వానిని ఆపలేదు.

పాత కారు కొనువారు చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి తలుపుల అడుగున జరిపి చూడవచ్చును. లప్పము దళసరిగా ఉన్నచోట అది పట్టు సడలి జారును. 2021లో నా జేబులో అది లేకపోయెను. ప్రయోగశాల బీరువాలో మాత్రము డజనున్నవి.

నా తలుపు అంచును జానెడు మేర కోయించి క్రొత్త రేకు వేయించితిని. విప్పి చూడగా మూడు నీటికంతలలో రెండు మట్టితో బిగిసి యుండెను. పని ముగిసిన పిదప మడతలోనికి మైనపు ద్రవము చిమ్మించితిమి. ఏటేట తొలకరికి ముందు ఆ మైనము మరల చిమ్ముట నా వంతు. నీటికంతలలో చీపురుపుల్ల పెట్టి పొడుచుట మా అబ్బాయి వంతు.