స్నేహితురాండ్రు తీసిన చిత్రము - లెక్కకు రాని వ్యయము

చలనచిత్రము తీయుట యనగా లక్షలు వెచ్చించు ధనికుల వ్యాపారమని మన పెద్దలు తలంచెడివారు. ఆ మాట యిప్పుడు చెల్లదు. చేతిలోని ఫోనే కెమెరా యైనది. కళాశాలలో చదువుకొను బాలికలు నలుగురు కూడిన చాలును, ఒక పాటకు గాని, పది నిమిషముల కథకు గాని బొమ్మ కట్టవలెనని యుత్సాహపడుచున్నారు. వీనినే మ్యూజిక్ వీడియోలనియు, షార్టు ఫిల్ములనియు వ్యవహరింతురు. సోదరీమణులలో ననేకులు ఇది పిల్లల యాట యని యుపేక్షింతురు. కొందరు చదువు చెడునని భయపడుదురు. నేను మొదటి తెగలోనిదానను. గత వేసవిలో మా వంటిల్లే చిత్రశాల యగుటచే నా యభిప్రాయము కొంత మారినది.

మా ప్రక్కవాటా వారి యమ్మాయి తన స్నేహితురాండ్రు మువ్వురను వెంటబెట్టుకొని వచ్చి, "పిన్నిగారూ, మీ వంటిల్లు రెండు రోజులు మాకిస్తారా?" అని యడిగినది. వారి కథ యంతయు నొక వంటింటిలోనే జరుగునట. ఒక ముసలామె, ఆమె మనుమరాలు, ఇరువుర నడుమ నొక ఆవకాయ జాడీ. ముసలామె వేషమునకు మా యత్తగారిని వారు మునుపే యొప్పించియుండిరి. సంగతి కడపట తెలిసినది నాకే!

మొదటి దినము తీసినదంతయు వ్యర్థమైనది. బొమ్మ చక్కగనే యున్నది గాని శబ్దము చెడినది. పైన తిరుగు ఫ్యాను, మూలనున్న ఫ్రిజ్జి, ప్రక్కయింటి కుక్కరు కూత - వీనిని మన చెవి మరచిపోవును గాని మైకు మరువదు. చూచువారు మసక బొమ్మనైన సహింతురు, వినబడని మాటను సహింపరు. రెండవనాడు బాలికలు ఫ్యాను నాపిరి. గోడలకు దుప్పట్లు వ్రేలాడగట్టిరి. ఫ్రిజ్జి స్విచ్చి తీసి, మరల వేయుట మరువకుండుటకై తమ స్కూటరు తాళపుచెవిని ఫ్రిజ్జిలోనే పెట్టిరి. ఈ యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. రెండవ ఫోను నొకదానిని గిన్నెల చాటున, మాటలాడువారికి జానెడు దూరమున నుంచి, మాటలను వేరుగా పట్టిరి. ప్రతిసారియు ఆరంభమున నొక చప్పట చరచిన చాలును. బొమ్మలో చేతులు కలియు క్షణమును, ధ్వనిలోని చప్పుడును ఒకచోటికి దెచ్చి రెంటిని జతపరుపవచ్చును. పని ముగియగనే అందరును అరనిమిషము కదలక మెదలక నిలిచి, ఆ గదిలోని నిశ్శబ్దమును గూడ పట్టుకొనిరి. మాటల నడుమ కత్తిరించిన చోట్ల అతుకు వేయుటకు అది పనికివచ్చును. చీరకు అదే నేతగుడ్డతో మాసిక వేసినట్లని నేనర్థము చేసికొంటిని.

వెలుతురునకు తూర్పు కిటికీయే చాలినది. దాని కెదురుగా తెల్లని దుప్పటి నొకటి పట్టిన, నీడవైపు ముఖము తేటపడును. ట్యూబులైటు క్రింద తీసినప్పుడు మాత్రము తెర మినుకుమినుకు మనెను. మన దేశపు విద్యుత్ప్రవాహము సెకనుకు 50 ఆవృత్తులు గలది. కావున సెకనుకు 25 బొమ్మలు, ఒక్కొక్క బొమ్మకు సెకనులో 50వ వంతు కాలము, అని ఫోనును సరిపరచినచో ఆ మినుకు తగ్గును.

పాటకు బొమ్మ కట్టుట యింతకంటె సులభము. పాటను బిగ్గరగా మ్రోగించుచు దానికి దగినట్లు పెదవులు కదపి, పిమ్మట అసలు పాటను బొమ్మతో కలుపుటయే. పెదవులు పాటతో కలియుచునే నడక మాత్రము మెల్లగా, కలలోవలె తేలవలెనన్న నొక చమత్కారము గలదు. పాటను రెట్టింపు వేగమున మ్రోగించి, సెకనుకు 50 బొమ్మల చొప్పున తీసి, 25 చొప్పున చూపవలెను. మా దొడ్డిలో ఈ పరీక్ష జరిగిననాడు, ఆ పరుగు పాటకు పెదవులు కదపలేక పిల్లలు పడిన పాట్లు చూచి మా యత్తగారు కన్నీరు వచ్చునట్లు నవ్విరి. అయితే ఏదో యొక సినిమాపాటను దీసికొని యూట్యూబులో బెట్టినచో హక్కుదారులు అడ్డుపెట్టవచ్చును; తమలో నొకతె వ్రాసి పాడిన పాటయే మేలు.

స్నేహితులను గూర్చుకొని చిత్రము తీయుట నేటి వింత కాదు. అది చలనచిత్రమంత పాతది. ప్యారిస్ నగరమున గోమోన్ అను నాతని కెమెరాల సంస్థలో ఆలిస్ గీ యను యువతి కార్యదర్శినిగా పనిచేయుచుండెను. తన స్నేహితులచే నాడించి ఒకటి రెండు చిన్న ఘట్టములు తీయుదునని 1896లో ఆమె యజమానిని కోరెను. ఆఫీసు పనికి భంగము రాకూడదను షరతుపై ఆయన యంగీకరించెను. అట్లు వెలసినదే క్యాబేజీ దేవత కథ యని ఆమె తన జ్ఞాపకములలో వ్రాసికొన్నది. చిత్ర దర్శకత్వము వహించిన మొదటి స్త్రీ యామెయే యని నేడు చెప్పుకొందురు. ఆ షరతును గమనించితిరా? ఇంటిపని చెడకుండ చదువుకొమ్మని మనకు చెప్పిన మాటకును దానికిని భేదమేమి? తరువాత చాలకాలము చరిత్రకారులు ఆమె నే మరచిరి. ఆమె తీసిన చిత్రములు కొన్ని పురుషుల పేర చెలామణి యయ్యెను. ఆమె జ్ఞాపకములు గూడ ఆమె 1968లో గతించిన పిమ్మటనే అచ్చు పడినవి.

వంగదేశమున సత్యజిత్ రాయ్ గారు 1952లో పథేర్ పాంచాలి నారంభించినప్పుడు, ఉద్యోగము మానక సెలవు దినములలోనే తీసెడివారు. కెమెరా పట్టిన సుబ్రత మిత్రా అంతకుముందు చలనచిత్రపు కెమెరా నడిపియెరుగడు. ఒక ఆదివారమున రెల్లుపూల తోటలో సగము తీసి, మరల వచ్చునప్పటికి పశువులు ఆ పూలనన్నిటిని మేసివేసినవట! మరుసటి యేడు పూలు పూచువరకు ఆగవలసివచ్చెను. ధనము చాలనప్పుడు ఆయన భార్య విజయా రాయ్ గారి నగలు తాకట్టునకు వెళ్లినవి. చిత్రము 1955లో విడుదలయై లోకప్రసిద్ధి గాంచినది. ఆ చిత్రమును గూర్చి ముచ్చటించువారు రెల్లుపూలను తలంతురు, రైలుబండిని తలంతురు. నగలను తలంచువారు తక్కువ.

మన తెలుగునాట జహీరాబాదు దగ్గర పస్తాపూరు కలదు. అచ్చట డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములలోని దళిత స్త్రీలు, పొలముపని చేసికొను వారు, చాలమంది అక్షరము రానివారు, వీడియో కెమెరా నడుపుట నేర్చిరి. 2001లో తమదే యొక మాధ్యమ సంఘమును నిలుపుకొనిరి. వరంగల్లు రైతులకు బీటీ ప్రత్తి వలన కలిగిన యిక్కట్లను గూర్చి 2003లో చిత్రము తీసిరి. వారు పెట్టుకొన్న పేరులు నాకు నిపుణుల పరిభాషకంటె నింపుగా దోచినవి. పైనుండి క్రిందికి చూచు బొమ్మ 'పటేలు షాటు'; దొర కూలివానిని అట్లే గదా చూచును. కంటికి కన్ను సమముగా నున్నది 'సంఘం షాటు'. సంఘములో నందరును సమానులు గనుక.

ఇది విన్నపిమ్మట మా బాలికలు, అదివరకు పీటపై నిలిచి తీసిన బొమ్మలను కొట్టివేసి, నేలపై కూర్చున్న మా యత్తగారి యెదుట తామును కూర్చుండి తీసిరి. మార్పు నాకే తెలిసినది.

ఇక లెక్క. వారియొద్ద నొక చిన్న పుస్తకముండెను. చొక్కాకు గ్రుచ్చు చిన్న మైకు అద్దె, ఆటో ఖర్చు, ఆవకాయ సామగ్రి, ఇట్లు మొత్తము 3,150 రూపాయలు తేలినది. నాలుగు వాటాలు వేసికొనిరి. "ఎంత తక్కువలో అయిపోయిందో చూశారా పిన్నిగారూ!" అని యొకతె మురిసినది. నేను ఎదుటి పుటలో మరికొన్ని పద్దులు వ్రాసితిని: రెండు దినముల వంటిల్లు, ఏడుగురికి రెండుపూటల భోజనము, అత్తగారి నడుమునొప్పి, అంట్లు తోమిన పనిమనిషి యదనపు శ్రమ. ఇవి యెవరి వాటా? పిల్లలు కొంతసేపు మాటలాడలేదు. పనిమనిషికి ఆనాడే సొమ్ము ఇచ్చిరి. చిత్రము చివర పేరులలో ఆమె పేరును, వంట చేసినవారి పేరులును చేరినవి. తక్కువ వ్యయమని మనము చెప్పుకొను ప్రతిచోటను, ఎవరో యొకరు, తరచుగా ఒక స్త్రీ, చెప్పకుండ చెల్లించుచున్నదని నా యనుమానము.

కాగితము వ్రాసికొనుటయు నవసరమే. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము చిత్రమునకు కర్త యనగా నిర్మాత. హక్కు విడుదలైన పిమ్మట 60 సంవత్సరములు నిలుచును. సొమ్ము నలుగురిదైనప్పుడు నిర్మాత యెవరు? స్నేహము చెడకముందే తేల్చుకొనవలసిన ప్రశ్న యిది. మా బాలికలు నలుగురును నిర్మాతలని వ్రాసికొని, మరియొక మాట చేర్చిరి: ఎవరి ముఖము చిత్రమున కనబడునో వారు వలదన్నచో దానిని బయట పెట్టరాదు.

ఆ మాటయే వారికి పరీక్షయైనది. మనుమరాలి వేషము వేసిన పిల్లకు సంబంధము కుదిరినది. చిత్రము యూట్యూబులో కనబడుట తమకిష్టము లేదని వరుని వారు కబురంపిరి. ఆమె తలిదండ్రులు సరేయనిరి. ఆమె తన స్నేహితురాండ్రకు "వద్దు" అని రెండక్షరములు వ్రాసి పంపినది. చిత్రమును పోటీకి పంపదలచిన పిల్ల రెండుదినములు అన్నము తినలేదు. కోపముతో కొన్ని మాటలును జారినవి. అయినను కాగితమున వ్రాసినమాట నిలువబెట్టిరి. తొమ్మిది నిమిషముల ఆ చిత్రమును మా డాబాపై తెల్లదుప్పటి కట్టి, ఇరువాటాల వారమును ఒక్కసారి చూచితిమి. అందరము పెద్దలమే మాటలాడుకొంటిమి గాని, నీకేమి కావలెనని ఆ పిల్లను నేనైనను అడుగలేదు.

మొన్న ఆమెయే వచ్చినది. వేరొక పిల్లచే మనుమరాలి వేషము వేయించి, చిత్రమును మరల తీయుదురట. "ముఖం కనబడకూడదన్నారు గాని, కెమెరా పట్టుకోవద్దని ఎవరూ అనలేదు కదా పిన్నిగారూ" అనినది. వచ్చునెల రెండవ శనివారమును, ఆ మరునాటి ఆదివారమును వంటిల్లు మరల వారికిచ్చితిని. వంటకు ఈసారి వంతులు వేసికొన్నారు.