సబ్‌వూఫర్ పెట్టె: కొలత నిర్ణయించేది స్పీకరే

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన భివండీ మరమగ్గాల పట్టణం. తెలంగాణ పల్లెల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడి పద్మనగర్ వంటి వాడల్లో స్థిరపడ్డాయి. రోజంతా సాంచెల చప్పుడు విన్న చెవులకు, సెలవునాడైనా పాటలోని డప్పు దెబ్బ నిండుగా వినిపించాలని ఉండటం సహజం. విడి స్పీకరు కొని, వడ్రంగి చేత పెట్టె చేయిస్తే ఖర్చు కలిసివస్తుంది. అయితే గది ఇరుకని పెట్టెను కుదిస్తే పెట్టిన డబ్బు వృథా అవుతుంది.

దీనికి కారణం గాలి. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కితే లోపలి గాలి స్ప్రింగువలె ఎదురు తంతుంది. మూసిన పెట్టెలోని గాలి కూడా స్పీకరు పొరను అలాగే వెనక్కి నెడుతుంది. పెట్టె చిన్నదైనకొద్దీ ఆ స్ప్రింగు బిగుస్తుంది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఈ గాలి స్ప్రింగునే ఆధారం చేసుకొని చిన్న పెట్టెలో లోతైన ధ్వని సాధించాడు. అందుకు తగిన మెత్తని స్పీకరును కూడా ఆయన వాడాడు.

స్పీకరుతో వచ్చే కాగితంలో మూడు అంకెలు చూడాలి. ఎఫ్‌ఎస్ అంటే స్పీకరు సహజంగా కంపించే వేగం. వీఏఎస్ అంటే దాని పొరకున్నంత బిగువు గల గాలి పరిమాణం. క్యూటీఎస్ అంటే ఆ కంపనం ఎంత అదుపులో ఉందో తెలిపే అంకె.

లెక్క సులువే. 0.707ను క్యూటీఎస్‌తో భాగించాలి. వచ్చినదాన్ని దానితోనే గుణించి, 1 తీసివేయాలి. మిగిలిన అంకెతో వీఏఎస్‌ను భాగిస్తే పెట్టె పరిమాణం లీటర్లలో వస్తుంది.

ఉదాహరణకు 10 అంగుళాల స్పీకరుకు ఎఫ్‌ఎస్ 30 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.45, వీఏఎస్ 60 లీటర్లు అనుకుందాం. పెట్టె సుమారు 41 లీటర్లు కావాలి. అందులో స్పీకరు కంపనం 47 హెర్ట్జ్ వద్ద నిలుస్తుంది. అదే స్పీకరును 15 లీటర్ల పెట్టెలో బిగిస్తే అది 67 హెర్ట్జ్‌కు చేరుతుంది. అప్పుడు లోతైన స్వరాలు తగ్గి, ప్రతి పాటలోనూ ఒకే రకమైన గుమగుమ మోత మిగులుతుంది. క్యూటీఎస్ 0.7 దాటిన స్పీకరుకు ఈ లెక్క కుదరదు.

స్పీకరు వెనుక భాగం, లోపలి ఆధారపు చెక్కలు ఆక్రమించే చోటుకు 3 లీటర్లు కలిపితే మొత్తం 44 లీటర్లు. లోపలి కొలతలు 40, 40, 27.5 సెంటీమీటర్లుగా ఉంటే సరిపోతుంది. చెక్క 18 మిల్లీమీటర్ల మందమైతే బయటి కొలతలు ఒక్కొక్కటి 3.6 సెంటీమీటర్లు పెరుగుతాయి. వడ్రంగికి లోపలి కొలతలే చెప్పాలి.

అతుకుల్లోను, తీగ దూరే రంధ్రం వద్దను గాలి పోకూడదు. పని ముగిశాక ఆంప్లిఫయరు ఆపి, పొరను వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కి వదలాలి. అది నిదానంగా వెనక్కి వస్తే పెట్టె బిగువుగా ఉన్నట్లే. చప్పున వస్తే ఎక్కడో సందు ఉంది.

లోతైన ధ్వని గోడలు దాటి పోతుంది. పక్కింట్లో రాత్రి పాళీ ముగించుకొని పగలు నిద్రించే కార్మికుడు ఉండవచ్చు. కొలత సరిగా కుదిరిన పెట్టెకు మోత పెంచవలసిన అవసరం అంతగా ఉండదు.